వేగం తగ్గిస్తేనే అందుతుంది

చీకటి పడుతున్న వేళ జక్రాన్‌పల్లి పసుపు చేల మీదుగా అప్పుడప్పుడు ఒక ప్రకాశవంతమైన చుక్క మినుకుమనకుండా సాగిపోతుంది. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. దాన్ని మరో నౌక ఎలా అందుకుంటుంది?

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ ఆటలో సొంతంగా అంతరిక్ష కేంద్రం కట్టుకునే పిల్లలు తడబడేది ఇక్కడే. రోడ్డు మీద ముందున్న చెరుకు బండిని దాటాలంటే ఎడ్లను అదిలిస్తే చాలు. కక్ష్యలో ముందుకు ఇంజన్ మండిస్తే నౌక పై కక్ష్యకు ఎక్కి, ఇంకా వెనకబడుతుంది. వేగం తగ్గిస్తే మాత్రం కిందికి జారుతుంది. భూమికి దగ్గరైన కొద్దీ గురుత్వాకర్షణ బలంగా లాగుతుంది కాబట్టి నౌక వేగం పుంజుకుంటుంది, చుట్టాల్సిన దూరమూ తగ్గుతుంది. అలా ముందున్నదాన్ని అందుకుంటుంది.

ఇస్రో నిజంగా చేసి చూపిందీ ఈ విద్యనే. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 మోసుకెళ్లిన, స్పేడెక్స్ అనే జోడింపు ప్రయోగపు రెండు ఉపగ్రహాలు ఒక్కోటి సుమారు 220 కిలోలు. సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా దూసుకుపోతూనే, ఒకదానికొకటి అతి నెమ్మదిగా దగ్గరై 2025 జనవరి 16న కలిసిపోయాయి. రేపటి భారతీయ అంతరిక్ష కేంద్రాన్ని ముక్కలుగా పంపి జోడించడానికి ఈ నేర్పే ఆధారం.

దగ్గరి కక్ష్యకు తక్కువ కాలం, దూరపు కక్ష్యకు ఎక్కువ కాలం. 400 ఏళ్ల కింద కెప్లర్ చెప్పిన ఈ లెక్కే పరాయి సూర్యుళ్ల చుట్టూ తిరిగే గ్రహాల ఆచూకీ చెబుతోంది. గ్రహం లాగుతుంటే నక్షత్రం కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు దాని కాంతిలో కనబడుతుంది. 1995లో మేయర్, కెలోజ్ అనే శాస్త్రవేత్తలు ఇలాగే 51 పెగసీ అనే నక్షత్రం చుట్టూ నాలుగు రోజులకు ఒకసారి తిరిగే గ్రహాన్ని కనిపెట్టారు. మన బుధుడికే సూర్యుణ్ణి చుట్టడానికి 88 రోజులు పడుతుంది. అంటే ఆ గ్రహం తన నక్షత్రానికి ఎంత దగ్గరో! ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ దక్కింది. 2018లో అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు మౌంట్ అబూలో నక్షత్రాల ఊపును కొలిచే పారస్ పరికరంతో, 19.5 రోజులకు ఒక చుట్టు తిరిగే మరో గ్రహాన్ని తూచారు. అది భూమికి సుమారు 27 రెట్లు బరువు.

ఈ దారికి తెలంగాణ కొత్తేమీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో, ఒకదాన్నొకటి కప్పే జంట నక్షత్రాల వెలుగు తగ్గుదలను కొలిచారు. నక్షత్రానికి గ్రహం అడ్డొచ్చినప్పుడు చూసేదీ ఆ తగ్గుదలనే, కాకపోతే చాలా స్వల్పంగా.

నిజామాబాద్‌లో ఎంపీసీ చదివే పిల్లలకు ఈ రంగం దూరం కాదు. భౌతికశాస్త్రంలో డిగ్రీ, పీజీ చేసి జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్ష రాస్తే పరిశోధన సంస్థల తలుపులు తెరుచుకుంటాయి. ఆటలో నౌక ఎందుకు వెనకబడిందో కాగితం మీద లెక్క కట్టి చూసుకున్న రోజే ఖగోళశాస్త్రంలో వారి మొదటి పాఠం పూర్తయినట్టు.