మంచు నది చీలే చోట

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి వైపు సాగుతుంటే గౌతమి ఏదీ దాచుకోదు. లోతెక్కడో, ఇసుక మేట ఎక్కడో నీటి రంగు చూసి పోల్చుకోవచ్చు. సరంగు చూపు ఎప్పుడూ ఆ రంగు మీదే ఉంటుంది. మొన్న పంటు దూసుకుపోయిన చోట వరద తీశాక ఇసుకతిన్నె లేస్తుంది, దాంతో దారి మారుతుంది. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే ఈ నది వాన మీద బతికేది. దీని పుట్టుకలో హిమం లేదు. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు నది అంటే నీళ్ళే.

ఈ దేశంలోనే ఇంకో రకం నదులున్నాయి. గంగోత్రి హిమానీనదం పొడవు 30 కిలోమీటర్లు. సియాచిన్‌ది దాదాపు 76. అవీ పారతాయి. ఏళ్ళ తరబడి కురిసిన మంచు పొర మీద పొర పడి, తన బరువుకు తానే నలిగి, లోపలి గాలిని చాలావరకు వదిలేసి గట్టి గడ్డ అవుతుంది. ఆ గడ్డ కొండవాలు మీద రోజుకు కొన్ని అంగుళాలో కొన్ని అడుగులో కిందికి జరుగుతుంది. అడుగున ఉన్న మంచు పైబరువుకు మెత్తబడి మైనంలా సాగుతుంది. పైనున్న ముప్ఫై నలభై మీటర్ల మందం మాత్రం పెళుసు, దానికి సాగడం చేతకాదు. నేల వాలు ఒక్కసారిగా పెరిగినా, లోయ మలుపు తిరిగినా, అంచులు రాతిని ఒరుసుకుని వెనకబడినా, అది ఫెళ్ళున పగులుతుంది. ఆ పగులులోకి తొంగిచూస్తే పైన తెలుపు, కాస్త దిగువన లేత నీలం, ఇంకా కిందికి పోయేకొద్దీ కళ్ళు తిప్పుకోనివ్వని ముదురు నీలం. కాంతిలోని ఎరుపును మంచు మింగేసి నీలాన్ని మిగల్చడం వల్ల వచ్చే రంగు అది. ప్రకృతిలో ఇంత అందమైన ప్రమాదం మరొకటి ఉందని నేననుకోను.

పగులు కనిపిస్తుంటే పక్కకు తప్పుకోవచ్చు. చిక్కంతా అది కనిపించకపోవడంలోనే ఉంది. గాలి మోసుకొచ్చిన మంచు రెండు అంచుల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో కలిసిపోతుంది. అడుగున పది అంతస్తుల లోతు, పైన మూరెడు మందం మంచు వంతెన, దాని మీద చదునైన తెల్లని దుప్పటి. తెల్లవారుజామున గడ్డకట్టి ఉన్నప్పుడు ఆ వంతెన మనిషిని మోస్తుంది, మధ్యాహ్నం ఎండకు నానితే మోయదు. ఏటవాలు వెలుతురులో సన్నటి నీడగీతో, చిన్న పల్లమో కనబడితే అదే ఆచూకీ. మబ్బు పట్టిన రోజు ఆ ఆచూకీ కూడా ఉండదు.

తెలుగువాళ్ళు ఇలాంటి చోట్లకు ఎప్పుడో చేరారు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఉదయభాస్కరరావు 1985లో సైన్యం చేపట్టిన ఎవరెస్ట్ యాత్రలో ప్రాణాలు విడిచారు. అదే బడిలో చదివిన నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్‌బాబుకు ఆయనే స్ఫూర్తి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కిన మస్తాన్‌బాబు వరుసలో చివరిది అలాస్కాలోని డెనాలి, జూలై నెలలో. డెనాలికి ఎక్కువమంది వెళ్ళే దారి కహిల్ట్‌నా హిమానీనదం మీదుగా పోతుంది. చిన్న విమానం మంచు మీద దింపేస్తుంది. అక్కడి నుంచి కాళ్ళకు స్కీలో స్నోషూలో కట్టుకుని, సామాను స్లెడ్జి మీద లాక్కుంటూ, ఒకే తాడుకు కట్టుకుని నడవాలి. వేసవి ముదిరాక అక్కడ పగలు నిద్రపోయి రాత్రి నడుస్తారు, వంతెనలు గట్టిపడేది అప్పుడే కాబట్టి. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్‌కుమార్ తాడు పట్టడం మొదలెట్టింది భువనగిరి రాతికొండ మీద. మంచు పాఠాలు ఆ తర్వాత హిమాలయాల్లో నేర్చారు.

స్కీల వల్ల ఎంత మేలో తెలియాలంటే అంటార్కిటికాకు వెళ్ళాలి. 1912 డిసెంబరు 14న ముగ్గురు మంచు యాత్రికులు ఒకే వంతెనను ఒకరి వెనక ఒకరు దాటబోయారు. ముందు జేవియర్ మెర్ట్జ్ స్కీల మీద వెళ్ళాడు. పగులు ఉందని కర్ర ఎత్తి చూపించాడు కూడా. వెనక డగ్లస్ మాసన్ స్లెడ్జి మీద కూర్చుని దాటాడు. మూడోవాడు బెల్‌గ్రేవ్ నిన్నిస్ తన స్లెడ్జి పక్కన కాలినడకన వస్తున్నాడు. పొడవాటి స్కీలు, స్లెడ్జి బద్దలు బరువును పరిచి పంచాయి. నిన్నిస్ బరువంతా ఒక్క పాదం కింది మంచు మీద పడింది. వంతెన కూలి మనిషి, స్లెడ్జి, గుడారం, తిండిలో చాలా భాగం, ఆరు మేలైన కుక్కలు లోపలికి పోయాయి. మాసన్, మెర్ట్జ్ గంటల తరబడి అంచున నిలబడి కేకలు వేశారు. జవాబు రాలేదు.

అలాగని స్కీలను నమ్ముకుని తాడు మానేస్తే అదీ మృత్యువే. 1950లో సహచరుడు హెర్జోగ్‌తో కలిసి అన్నపూర్ణ శిఖరంపై తొలిసారి కాలుమోపిన లూయి లాషెనాల్ అంతటి దిట్ట, 1955 నవంబరులో ఆల్ప్స్‌లోని వాలే బ్లాంష్ మీద స్కీయింగ్ చేస్తూ పగులులో పడి చనిపోయాడు.

అందుకే మంచు మీద అడుగు పెట్టకముందే నడుముకు హార్నెస్ బిగిస్తారు. సందులో ఇరుక్కున్నవాడికి పైనుంచి హార్నెస్ తొడగలేం. పైగా ఒంటి వేడికి పక్కనున్న మంచు కరిగి మనిషి ఇంకా కిందికి జారుతుంటాడు, అక్కడ నిమిషమే ప్రాణం. తాడుకు ముగ్గురో నలుగురో, మనిషికీ మనిషికీ పది పన్నెండు మీటర్ల ఎడం, తాడు వదులుగా వేలాడకూడదు. ఇద్దరే ఉంటే మధ్యలో ముళ్ళు వేస్తారు. ఒకడు పడితే ఆ ముడి అంచు మంచులో గుచ్చుకుని బరువులో కొంత ఆపుతుంది. పగుళ్ళను అడ్డంగా, లంబకోణంలో దాటాలి. పగులు వెంబడి నడిస్తే తాడు మీదున్న అందరూ ఒకే వంతెన మీద ఉన్నట్టే.

పడ్డాక పని ఒక వరుసలో నడుస్తుంది. పైనున్నవాళ్ళు వెంటనే వెనక్కి వాలి తన్నిపట్టి ఆపాలి. ఒకరు బరువు మోస్తుంటే మరొకరు మంచులో అడ్డంగా గాడి తవ్వి, స్కీని అందులో పడుకోబెట్టి, నడుమన పట్టీ కట్టి, పైన మంచు తొక్కి పూడుస్తారు. ఇప్పటిదాకా కాళ్ళకున్న స్కీ ఇక లంగరు. బరువు దాని మీదికి మార్చాక తాము తాడుకు కట్టుకునే ఉండి అంచు దాకా పాకి, లోపలివాడితో మాట్లాడతారు. అంచు మంచును తాడు కోసుకుపోకుండా కింద కర్రో సంచో పెడతారు. ఆ తర్వాతే కప్పీలు. తాడును కప్పీల మీదుగా మడత వేస్తే, లెక్క ప్రకారం మూడు మీటర్లు లాగితే మనిషి ఒక మీటరు లేస్తాడు, బరువు మూడో వంతు అనిపించాలి. రాపిడి ఆ లాభంలో పెద్ద ముక్కే తినేస్తుంది.

స్పృహలో ఉన్నవాడు తనంతట తానే పైకి రావచ్చు. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ప్రచారంలోకి తెచ్చిన ముడి ఉంది. సన్నటి తాడును లావుపాటి తాడు చుట్టూ మూడు చుట్లు తిప్పి వేస్తారు. బరువు పడితే బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. అలాంటివి రెండు, ఒకటి నడుముకు, ఒకటి పాదానికి. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నడుము మోకునూ కాలి బంధాన్నీ ఎలా వంతులవారీగా జరుపుతాడో ఇక్కడా అంతే. నడుము ముడి మీద కూర్చుని కాలి ముడి పైకి జరపాలి, కాలి మీద లేచి నిలబడి నడుము ముడి జరపాలి. తేడా ఒక్కటే, ఆనుకోవడానికి ఇక్కడ చెట్టు లేదు. సంచి, స్కీలు విప్పి కింద వేలాడదీసుకుంటే గాని తలకిందులు కాకుండా ఉండటం కష్టం.

మాసన్‌కు ఆ ముడి తెలియదు, అది ఇంకా రాలేదు. నిన్నిస్ పోయిన నెలకు, మెర్ట్జ్ కూడా చనిపోయాక, 1913 జనవరి 17న ఒంటరిగా స్లెడ్జి లాగుతూ అతనే పగులులో పడ్డాడు. పైన స్లెడ్జి మంచులో ఆగింది, నాలుగు మీటర్ల కింద తాడుకు వేలాడాడు. తాడుకు ముందే ముళ్ళు వేసి ఉంచుకున్నాడు. అవి పట్టుకుని అంచు దాకా పాకాడు. అంచు విరిగి మళ్ళీ పడ్డాడు. తిండి లేక చిక్కిపోయిన ఒంటితో మళ్ళీ పాకి బయటపడ్డాడు. ఫిబ్రవరి 8న స్థావరం చేరాడు.

ఇవన్నీ మన దేశంలోనే నేర్పుతారు. 1954లో మొదలైన డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో, 1965లో ఏర్పడిన ఉత్తరకాశీ నెహ్రూ సంస్థలో. స్కీలకు గుల్మార్గ్ ఉంది. నేర్చుకునేవాళ్ళకూ ముప్పు తప్పదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర హిమపాతం శిక్షణలో ఉన్న జట్టును పగులులోకి ఈడ్చుకుపోయింది, ఇరవై మందికి పైగా పోయారు. అయినా నేర్చుకోకుండా వెళ్ళడం కంటే నేర్చుకుని వెళ్ళడమే మేలని నా నమ్మకం. నేర్చుకోవడానికి మంచు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మన ఊళ్ళో గట్టి మామిడి కొమ్మకు కొండలెక్కే తాడు వేలాడదీసి, కింద తెలిసినవారిని నిలబెట్టుకుని, రెండు సన్నటి తాళ్ళతో ప్రూసిక్ ముళ్ళు వేసి ఎక్కడం మొదలుపెట్టవచ్చు. దళసరి చేతితొడుగులతో, కళ్ళు మూసుకుని ఆ ముడి వేయగలిగాకే డార్జిలింగ్‌కు దరఖాస్తు పెట్టండి.