పదిమంది వచ్చిన దినమున: ఓవెనులో కాల్చెడు చీజుబర్గరు స్లైడర్లు

వంట వచ్చుట యొకటి, పదిమందికి వేళకు పెట్టగలుగుట యొకటి. నలుగురికి రుచిగా వండగల యిల్లాలే పాతికమంది వచ్చిన దినమున పొయ్యి విడువలేక, వచ్చిన చుట్టముల మొగమైనను చూడలేక, కడపట తానొక్కతెయే చల్లారినది తినుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. అమెరికాలో కాపురమున్న మన యాడుబిడ్డల పాట్లు ఇంకను హెచ్చు. అచ్చట చేయందించుటకు తోడికోడలు లేదు. అంట్లు తోమునది యంత్రమే గాని, అది ఉల్లిపాయలు తరుగదు. అట్టి యిండ్లలో పిల్లల పుట్టినరోజులకును, సెలవుదినపు కూటములకును ఆ దేశపు గృహిణులు చేసెడు పదార్థమొకటి కలదు. దానిని మేము టెక్సాసు రాష్ట్రమున మా బంధువుల యింట నేర్చి, పలుమారులు చేసి, రెండుమారులు చెడగొట్టి, తుదకు కుదుర్చుకొంటిమి. కావున సోదరీమణులకు దాని మంచిచెడ్డలు రెండును తెలుపగలము.

దాని పేరు స్లైడరు, అనగా జారునది. రెండుమూడు కబళములలో ముగిసిపోవు చిన్న హాంబర్గరు. 1921లో కాన్సాసు రాష్ట్రపు విచిటా పట్టణమున వైట్ కాజిల్ అను అంగడివారు ఉల్లిపాయలతో చిన్న బర్గర్లు చేసి, ఒక్కొక్కటి 5 సెంట్లకు అమ్మసాగిరి. దానిపై చీజు వేసిన చీజుబర్గరగును. చీజును కొందరు జున్నని తెనిగించుచున్నారు గాని, ఈనిన యావు ముర్రుపాలతో మనము వండుకొను జున్ను వేరు, ఇది వేరు. ఉన్న పేరుతోనే పిలుచుట మేలని మా తలంపు.

అంగడిలో వీనిని ఒక్కొక్కటిగా పెనముపై కాల్తురు. మేము మొదట చేసిన తప్పును అదియే. ఒక పుట్టినరోజునాడు 48 బిళ్లలు చేత నొత్తి, పెనముపై వాయికి ఆరు చొప్పున కాల్చితిమి. కడపటి వాయి దిగునప్పటికి పిల్లలు కేకు తిని ఆటలకు పోయిరి. పెద్దలు కొందరు సెలవు పుచ్చుకొనిరి. ఇంటివారలు మాత్రము బిళ్లలు చేయుట మాని, మాంసమును పళ్లెమంత పలకగా కాల్చి, బన్నులను విడదీయకయే నడుమ పేర్చుదురట. ఆ మాట వినినప్పుడు మా తెలివితక్కువకు మేమే నవ్వుకొంటిమి.

విధానమిది. ఒకదానితో నొకటి అంటుకొనియున్న 12 చిన్న బన్నుల పలక నొకదానిని తీసికొనవలెను. హవాయి తీపిబన్నులు ఇందుకు ప్రసిద్ధములు. పోర్చుగీసు వలసదారులు హవాయి దీవులకు తెచ్చిన తీపిరొట్టెయే వీనికి మూలము. హిలో పట్టణమున 1950లో రాబర్టు టైరా అనునతడు స్థాపించిన రొట్టెల దుకాణము వలన ఇవి తరువాత అమెరికా యంతటను వ్యాపించినవి. వీనిలో చక్కెర యుండుట వలన పైభాగము త్వరగా మాడును. ఈ సంగతి మరువరాదు.

పండ్లున్న కత్తితో ఆ పలకను అడ్డముగా కోసి, పైపొర యొకటి, క్రిందిపొర యొకటిగా చేయవలెను. మాంసపు కైమా 700 మొదలు 900 గ్రాముల వరకు చాలును. దానికి ఉప్పు, మిరియాలపొడి, సన్నగా తరిగి వేయించిన ఉల్లిపాయలు చేర్చవలెను. పచ్చియుల్లి నీరు వదలును. కైమాను హెచ్చుగా పిసికినచో కాలిన పిమ్మట గట్టిపడును. కలిసినంత మాత్రమే కలిపి, 9 అంగుళముల వెడల్పు, 13 అంగుళముల పొడవు గల పళ్లెమున పలకగా నొత్తవలెను. కాలునప్పుడది ముడుచుకొనును గనుక, రొట్టెపలక కన్న నలువైపుల వ్రేలెడంత హెచ్చుగా నుంచుట మంచిది. 175 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల ఓవెనులో సుమారు 20 నిమిషములు కాల్చి, కారిన కొవ్వును జాగ్రత్తగా వంపివేయవలెను.

మేము రెండవసారి చెడగొట్టినది ఇచ్చటనే. కొవ్వు వంపక, తడిమాంసమును తిన్నగా మెత్తని రొట్టెపై పెట్టితిమి. అడుగు బన్నులు నానిన అట్టముక్కలవలె చేతికి రాక చినిగిపోయినవి. ఇప్పుడు క్రిందిపొర కోసినవైపున పలుచగా వెన్న రాచి, అయిదు నిమిషములు ఓవెనులో బిరుసెక్కించెదము. దానిపై సగము చీజుబిళ్లలు పరచి, మాంసపు పలక నుంచి, మిగిలిన చీజు వేసి, పైపొర మూసెదము. క్రింది చీజు మాంసపు రసమును రొట్టెకు అంటనీయదు. కరగుటకు అమెరికను చీజనబడు బిళ్లలే శ్రేష్ఠము. వానిలోని లవణములు కొవ్వును విడిపోనీయవు. బాగుగ ముదిరిన చెడ్డరు చీజు రుచికి మిన్నయే గాని, వేడికి నూనె కక్కును. మేము రెండును సగము సగము వేయుదుము.

కరగిన వెన్నలో కొంచెము ఆవముద్ద కలిపి పైన పూసి, నువ్వులు చల్లి, అల్యూమినియము రేకు కప్పి 15 నిమిషములు, రేకు తీసి మరియొక అయిదు నిమిషములు కాల్చవలెను. ఊరవేసిన దోసకాయ బిళ్లలు, టొమాటో ముక్కలు, ఆకులు ఓవెనులో పెట్టక, ప్రక్కన గిన్నెలలో నుంచిన ఎవరికి కావలసినవి వారే పెట్టుకొందురు.

కైమా విషయమున మాత్రము ఉపేక్ష కూడదు. మాంసపు తుండమున సూక్ష్మజీవులు సాధారణముగ పైభాగముననే యుండును. పైన కాలిన అవి చచ్చును. కైమా కొట్టినప్పుడు పైనున్నవి లోపలికంతటికి కలిసిపోవును. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రములలో సరిగ ఉడుకని హాంబర్గర్ల వలన, ఇ. కోలై అను సూక్ష్మజీవి జాతిలో ప్రమాదకరమైన దొకటి సోకి, 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు చనిపోయిరి. రంగు చూచి ఉడికినదని నమ్మరాదు. గోధుమరంగు తిరిగియు లోపల చాలినంత వేడెక్కని మాంసముండును. గ్రుచ్చి చూచెడు ఉష్ణమాపకమును పలక నడుమకు పోనిచ్చి, గొడ్డుమాంసమైనను, వేటమాంసమైనను 71 డిగ్రీలు, కోడి, టర్కీ కోడి మాంసములైనచో 74 డిగ్రీలు వచ్చువరకు ఓవెనులోనే యుంచవలెను. ఒకసారి మాకు అంచులు చక్కగా కాలినట్లు కనబడినను, నడుమ 60 డిగ్రీలే యుండెను. అతిథులు ఆకలిగొనియున్నారని తీసియుందుమేమో! అప్పటినుండి ఆ పనిముట్టు లేనిదే మేమీ వంటకు పూనుకొనుట లేదు.

ఆ దేశమున చీజుబర్గరనగా గొడ్డుమాంసముతో చేసినదే. మన కుటుంబములలో పలువురు దానిని ముట్టరు గనుక, కోడికైమాతో చేయుట పరిపాటి. దానిలో కొవ్వు తక్కువ; చెంచాడు నూనె, తురిమిన ఉల్లిపాయ చేర్చనిచో పిడచగట్టుకొనిపోవును. ఏ మాంసమో చీటిపై వ్రాసి పళ్లెము ముందు నిలుపుట మేలు. అడుగుటకు మొగమాటపడి ఆకలితో వెళ్లినవారిని మేమెరుగుదుము.

శాకాహారులకు ఉడికించిన బంగాళాదుంప, బఠాణీలు, పచ్చిమిర్చి, అల్లము కలిపిన ముద్దను నూనె రాచిన పళ్లెమున పలకగా నొత్తి, ముందుగా పైన ఎరుపెక్కువరకు కాల్చుకొని అదేరీతిని పేర్చవచ్చును. ఇచ్చట రెండు చిక్కులున్నవి. వెన్న పూతలో అలవాటుగా కలిపెడు వూస్టరు సాసులో సాధారణముగ ఆంకోవీ యను చిన్నచేపలుండును. కొన్ని చీజులను దూడ కడుపునుండి తీసిన రెన్నెట్టుతో తోడుపెట్టుదురు. శాకాహార రెన్నెట్టుతో చేసినవి వేరుగ దొరకును. సీసాపైని, పొట్లముపైని అక్షరములు చదువుకొనవలెను. తెలియక పెట్టితిమని పిమ్మట చెప్పిన, తిన్నవారి మనసు కుదుటపడునా?

లెక్క యిట్లు. పెద్దలు 15 మంది, పిల్లలు 10 మంది వచ్చిరనుకొందము. పెద్దలకు మూడేసి, పిల్లలకు రెండేసి చొప్పున 65 కావలెను. ఆరు పళ్లెములకు 72 వచ్చును. మాంసపు పలకలను వేకువనే కాల్చి, శీతలపెట్టెలో నుంచుకొనవచ్చును. అట్లుంచినవి మరల కాల్చునప్పుడు నడుమ 74 డిగ్రీలకు రావలెను, అందుకు పది నిమిషములు హెచ్చు పట్టును. ఓవెను రెండు అరలలో రెండు పళ్లెములు పట్టును గనుక మూడు వాయిలు. అన్నియు నొక్కసారి బల్లపై పెట్టుటకన్న వాయివెంట వాయి వచ్చుటయే మేలు. ఎవరికిని చల్లారినది దొరకదు. రెండు వాయిల నడుమ ఇల్లాలు వచ్చి చుట్టముల ప్రక్కన కూర్చుండి తానును రెండు తినవచ్చును. మిగిలినవానిని రెండు గంటలు దాటక శీతలపెట్టెలో పెట్టవలెను. ఎండవేళ పెరటిలో 32 డిగ్రీలకు మించిన వేడిలో భోజనమైనచో గంటకు మించనీయరాదు.

మొదటి వాయిగా శాకాహారుల రెండు పళ్లెములనే పెట్టుట మా పద్ధతి. అప్పటికి ఓవెనులో మాంసపు కొవ్వు చిందియుండదు. ఆ పళ్లెములను బల్లకు వేరొక కొనను పెట్టి, బన్నులు విడదీయుటకు వానికని వేరు కత్తినుంచెదము. ఆ కత్తి పిడికి పచ్చదారము చుట్టియుంచుట వలన, తొందరలో పిల్లలు కూడ దానిని మరియొక పళ్లెములో పెట్టరు.