బరువు తగ్గిన ట్యూబు... భరోసా మాటేమిటి?

సైకిలు టైరు లోపల దాగి ఉండే ట్యూబు గురించి, అది పంక్చరైన రోజున తప్ప ఎవరూ ఆలోచించరు. చిరకాలంగా రబ్బరుకే పరిమితమైన ఈ ట్యూబు ఇప్పుడు ప్లాస్టిక్ రూపం ధరించింది. ఉల్లిపొరలా పలుచగా ఉండి, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయే ఈ కొత్త ట్యూబు దూరప్రయాణాల సైకిలిస్టులను ఊరిస్తున్నది, అదే సమయంలో భయపెడుతున్నది కూడా.

దీని తయారీకి వాడే పదార్థం థర్మోప్లాస్టిక్ పాలీయూరిథేన్. పేరు గంభీరంగా ఉన్నా వస్తువు కొత్తది కాదు. సెల్‌ఫోనుకు తొడిగే మెత్తని తొడుగులు, బూట్ల అడుగుభాగాలు దీనితోనే తయారవుతాయి. విశేషమేమంటే, జర్మనీలో ఒట్టో బేయర్ పాలీయూరిథేన్‌ను కనుగొన్న 1937లోనే అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ రసాయనవేత్తలు బ్యూటైల్ రబ్బరును రూపొందించారు. గాలిని పట్టి ఉంచడంలో సాటిలేని బ్యూటైల్ ట్యూబుల రంగాన్ని ఏలింది. దాని తోటి పుట్టుకైన పాలీయూరిథేన్ సైకిలు చక్రంలోకి చెప్పుకోదగినంతగా ప్రవేశించడానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఆస్ట్రియాకు చెందిన ట్యుబొలీటో సంస్థ నారింజరంగు ట్యూబులతో దీనికి ప్రచారం తెచ్చింది. 2020లో జర్మనీకి చెందిన ష్వాల్బె సంస్థ బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయన సంస్థ సహకారంతో ఏరోథాన్ పేరిట మరొకటి విడుదల చేసింది. ఆ వెనుకనే చైనా ట్యూబులు చాలా తక్కువ ధరకు వెల్లువెత్తాయి.

రోడ్డు సైకిలుకు వాడే మామూలు బ్యూటైల్ ట్యూబు సుమారు 100 గ్రాములు తూగుతుంది. ప్లాస్టిక్ ట్యూబు బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. మరీ పలుచని రకాలు 25 గ్రాముల లోపే. రెండు చక్రాలకూ కలిపి ఆదా అయ్యేది 120 గ్రాములనుకుంటే, అది సైకిలుకు తగిలించుకునే అరలీటరు నీళ్ల సీసాలో పావువంతు. దీనికోసమే ఐరోపాలో పేరున్న కంపెనీల ట్యూబుకు 30 యూరోల దాకా వెచ్చిస్తున్నారంటే ఆశ్చర్యం కలగక మానదు. అయితే లాభం బరువులో మాత్రమే లేదు. చక్రం దొర్లేటప్పుడు ట్యూబు నలిగి వృథా అయ్యే శక్తి బ్యూటైల్ కంటే ఇందులో తక్కువ. ఆ గుణంలో మేటి అయిన లేటెక్స్ ట్యూబులో గాలి ఒక్క రోజులోనే గణనీయంగా తగ్గిపోతుంది. ప్లాస్టిక్‌తో ఆ బెడద లేదు.

చిక్కంతా నమ్మకం దగ్గరే వస్తున్నది. ఈ ట్యూబులో ఎక్కువగా మొరాయించేది గోడ కాదు, అతుకు. ముఖ్యంగా వాల్వు ట్యూబుతో కలిసే చోటు. ఆ చోట అతుకు ఏమాత్రం బలహీనంగా ఉన్నా, పంపును వంకరగా లాగినా గాలి కారుతుంది. చవకరకం ట్యూబులలో ఒకటి వేల కిలోమీటర్లు నడిచి, అదే పెట్టెలోని రెండవది వారం తిరగకుండానే మొండికేయడానికి ప్రధాన కారణం ఇదే.

రెండవ శత్రువు వేడి. థర్మోప్లాస్టిక్ అంటేనే వేడికి మెత్తబడేది. ఘాట్ రోడ్డులో కిలోమీటర్ల తరబడి దిగుతూ రిమ్మును పట్టే బ్రేకులు నొక్కితే రిమ్ము కాలిపోతుంది. ఆ వేడి నేరుగా ట్యూబును తాకుతుంది. అందుకే అతి పలుచని రకాలు కొన్నింటిని డిస్కు బ్రేకులున్న సైకిళ్లకే వాడాలని తయారీదారులే షరతు పెడుతున్నారు. మన దేశంలో ఇప్పటికీ రిమ్ము బ్రేకుల సైకిళ్లు విస్తారంగా ఉన్నాయి. అరకు ఘాట్‌లోనో, శ్రీశైలం మలుపులలోనో దిగేవారు ఈ షరతును చిన్నక్షరాల వ్యవహారంగా కొట్టిపారేయడం ప్రమాదకరం. మండువేసవి తారురోడ్డు వేడి వేరు, బ్రేకు వేడి వేరు.

ఇక ముళ్ల సంగతి. తుమ్మముల్లు, పల్లేరుకాయ, లారీ టైర్లు చిరిగి రోడ్డుపై రాలిన సన్నని ఇనుపతీగ ముక్క... ఇవి ట్యూబుదాకా వచ్చిన తరువాత అది రబ్బరా, ప్లాస్టికా అని చూడవు. వాటిని ఆపవలసినది టైరే. తేడా తెలిసేది పంక్చరు పడిన తరువాత. దారిపక్క దుకాణంలో ట్యూబును నీళ్లలో ముంచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ప్యాచ్ అంటించే విద్య రబ్బరుకు చెందినది. ఆ సొల్యూషన్ ప్లాస్టిక్‌ను పట్టుకోదు. దీనికి ప్రత్యేకమైన ప్యాచ్ కావాలి, అంటించేముందు స్పిరిటుతో తుడవాలి. పైగా చిల్లి ఎక్కడుందో వెదకడానికి టైరు బయట గట్టిగా గాలి కొడితే ట్యూబు శాశ్వతంగా సాగిపోతుంది, రబ్బరులా మళ్లీ ముడుచుకోదు.

200 నుంచి 600 కిలోమీటర్ల దూరాన్ని నిర్ణీత గడువులో పూర్తిచేసే బ్రెవే యాత్రలు దేశంలోని అనేక నగరాలలో, హైదరాబాదుతో సహా, జరుగుతున్నాయి. 600 కిలోమీటర్లకు గడువు 40 గంటలు. నియంత్రణ కేంద్రాల మధ్య ఎవరి మరమ్మతు వారే చేసుకోవాలి. అర్ధరాత్రి జాతీయ రహదారి పక్కన తలదీపం వెలుగులో వాల్వు మొదట్లో కారుతున్న ట్యూబుతో కుస్తీ పట్టేవానికి ఆదా అయిన 120 గ్రాములు గుర్తుకు రావు. చక్రంలో బ్యూటైల్, సంచిలో అదనపు ట్యూబుగా ప్లాస్టిక్ అన్న మధ్యేమార్గం ఇందుకే పుట్టింది. రెండు రబ్బరు ట్యూబులు పట్టే చోట నాలుగు ప్లాస్టిక్‌వి ఇముడుతాయి.

సైకిళ్ల ఉత్పత్తిలో భారతదేశానిది చైనా తరువాతి స్థానం. లూధియానా కేంద్రంగా వర్ధిల్లిన ఈ పరిశ్రమ రబ్బరు ట్యూబుకు పెట్టింది పేరు. ఆ ట్యూబులకు ఐ.ఎస్. 2415 అనే భారతీయ ప్రమాణం ఉన్నది, దాని శీర్షికలోనే రబ్బరు అన్న మాట ఉన్నది. ప్లాస్టిక్ ట్యూబు ఆ గీత బయటి సరుకు. కనుక నాణ్యతకు పూచీ కంపెనీ ఇచ్చే హామీపత్రమే. కొనేముందు పెట్టెపై మూడు వివరాలు చదవడం తప్పనిసరి: ఏ వెడల్పు టైరుకు పనికివస్తుంది, రిమ్ము బ్రేకులకు అనుమతి ఉన్నదా లేదా, టైరు బయట ఎంతవరకు గాలి నింపవచ్చు. ఈ మూడూ ముద్రించని సరుకు ఎంత చవకగా దొరికినా ఖరీదైనదే అవుతుంది.