మీకు తెలుసా? పిక్క వాపు వెనక క్యాన్సరూ ఉండొచ్చు!

దెబ్బేమీ తగలకుండానే ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, సలుపుతోందా? నూనె రాసి మర్దన చేయకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ ముక్క కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. ఇలాంటి గడ్డల వెనక కొందరిలో అప్పటిదాకా బయటపడని క్యాన్సర్ ఉంటుంది.

పారిస్ వైద్యుడు అర్మాన్ ట్రూసో 1865లోనే ఈ సంబంధాన్ని వివరించాడు. తర్వాత తన సిరలోనే గడ్డ కనిపించినప్పుడు తనకూ క్యాన్సరేనని ఆయనే గ్రహించాడు. 1867లో కడుపు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. తన రోగాన్ని తానే పట్టుకున్న ఆ వైద్యుణ్ణి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

చాలా క్యాన్సర్ కణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ను అతిగా తయారుచేస్తాయి. దాంతో త్రాంబిన్ పుట్టి రక్తం గడ్డకడుతుంది. అదే త్రాంబిన్ కణితి పెరగడానికీ ఊతమిస్తుంది. రక్తంలోకి జారిన క్యాన్సర్ కణాలను ప్లేట్‌లెట్లు దుప్పటిలా కప్పేస్తే, రోగనిరోధక కణాలకు అవి అంత తేలిగ్గా దొరకవు.

పిక్క వాచిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు. డాప్లర్ స్కాన్‌తో గడ్డ సంగతి తేలుతుంది. వాపుతోపాటు ఆయాసమూ వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.