కాంక్రీటులో నారపోగులు

మట్టిగోడ పెట్టునపుడు అడుసులో వరిగడ్డి కలిపి త్రొక్కుట మన పల్లెలలో చిరకాలముగా నున్న ఆచారము. తడిమట్టి ఎండి కుంచించుకొనునపుడు బీటలు వారును. గడ్డిపరకలు ఆ బీటలను సాగనీయక పట్టి నిలుపును. నేడు కాంక్రీటు స్లాబులలో పాలిప్రొపిలీన్ మొదలగు కృత్రిమ నారపోగులను కలుపుటకును ఇదియే మూలసూత్రము.

కాంక్రీటు నొక్కుడును బాగుగా ఓర్చును, లాగుడును ఓర్వజాలదు. లాగుడునకు దాని బలము నొక్కుడు బలములో ఇంచుమించు పదవ వంతు మాత్రమే. రెండు గోడలపై ఆనిన స్లాబు మీద బరువు పడినపుడు నడుమ పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. కావుననే అడుగున ఇనుప కడ్డీలు పరతురు. 1867లో మోనియే అను ఫ్రెంచి తోటమాలి ఇనుము పొదిగిన సిమెంటు తొట్లకు పేటెంటు పొందెను. ఈ పద్ధతి పిమ్మట లోకమంతటను వ్యాపించెను.

కడ్డీ లుండగా నారతో పని యేమి? స్లాబు పోసిన తొలి గంటలలో ఎండకును గాలికిని పైపొరలోని నీరు ఆవిరియై పోవును. పచ్చి కాంక్రీటు ముడుచుకొనును. కడ్డీలు లోతున నుండుటచే పైపొరను కాపాడజాలవు. అచట చీలికలు పుట్టకుండ పట్టి యుంచునది నార. ఘనమీటరు కాంక్రీటునకు సుమారు 900 గ్రాముల నార చాలును. పోగు పొడవు 12 మిల్లీమీటర్లు, మందము 30 మైక్రాన్లు అయినచో అందు పది కోట్లకు మించిన పోగులుండును. పోగు ఘనపరిమాణము తెలిసిన విద్యార్థులు దీనిని స్వయముగా లెక్కింపవచ్చును.

నిప్పునందును ఈ నార ఉపకరించును. 1996 నవంబరులో ఇంగ్లీషు ఛానెల్ క్రింది రైలు సొరంగములో అగ్నిప్రమాదము జరిగినపుడు కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడెను. గట్టి కాంక్రీటులోని తేమ వేడికి ఆవిరియై, వెలికి దారి లేక దానిని పగులగొట్టును. పాలిప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. పోగులు కరగిన చోట ఆవిరికి సన్నని దారు లేర్పడును. అనగా తాను నశించి కాంక్రీటును నిలుపును.

అయినను దీని శక్తికి మేర కలదు. గట్టిపడిన కాంక్రీటుకంటె ఈ పోగు సులభముగా సాగును. కావున సన్ననార ఇంటికప్పు బరువును మోయజాలదు. 40 మొదలు 60 మిల్లీమీటర్ల పొడవుగల ముదుకనార చీలిన కాంక్రీటును సైతము పట్టి యుంచును. నేలపై పరచు గచ్చులలో, ఇంజనీరు లెక్క కట్టినచో, అది సన్నని ఇనుప వలకు బదులు కాగలదు. గోడలపై నిలుచు కప్పునకు మాత్రము ప్రధానమైన కడ్డీలు ఉండితీరవలెను.

నార కలిపితిమి గదా యని కడ్డీ తగ్గించుటయు, నీరు కట్టుట మానుటయు ప్రమాదకరము. స్లాబుపై చిన్న గట్లు కట్టి కనీసము ఏడు దినములు నీరు నిలుపు మేస్త్రీ పద్ధతికి ఏ పోగును సాటి రాదు. నార తొలినాటి చీలికను ఆపును. నీరు బలము నిచ్చును. ఇనుము బరువు మోయును. ఒకదాని పని వేరొకటి చేయజాలదని గృహము కట్టించువా రెల్లరును ఎరుగవలెను.