సూపర్‌బిల్ పంపాక గుట్టెక్కడిది?

అమెరికాలోని తెలుగువాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఇన్సూరెన్సు వాడకుండా సొంత డబ్బు కట్టేస్తే థెరపీకి వెళ్తున్నట్టు ఎవరికీ తెలియదు కదా?" హెచ్‌-1బీకి, గ్రీన్‌కార్డుకు ఎక్కడ అడ్డొస్తుందోనని భయం. ఆ భయంతోనే సెషన్‌కు 150, 200 డాలర్లు కడుతూ, నాలుగు నెలలకు డబ్బు చాలక చికిత్సే మానేస్తున్నారు. సగంలో మానేసేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ముందు గ్రీన్‌కార్డు సంగతి. వైద్యపరీక్షలో సివిల్ సర్జన్ ప్రధానంగా చూసేది, మానసిక జబ్బువల్ల తనకుగానీ ఇతరులకుగానీ హాని చేసే ప్రవర్తన ఉందా అని. దిగులుగా ఉందని కౌన్సెలింగ్‌కు వెళ్లినంత మాత్రాన అనర్హత రాదు. ఇక ఉద్యోగం సంగతి. కంపెనీ ఇచ్చిన ప్లానైనా సరే, మీ అనుమతి లేకుండా థెరపీ వివరాలను ఉద్యోగ నిర్ణయాలకు వాడకూడదని ఆరోగ్య సమాచార గోప్యతకు సంబంధించిన హిపా నిబంధనలు చెబుతున్నాయి.

గుట్టు బయటపడేది ఎక్కువగా ఇంట్లోనే. క్లెయిమ్ వెళ్లిందంటే ఏ చికిత్సకు ఎంత చెల్లించారో చెప్పే ఈఓబీ కాగితం మామూలుగా పాలసీదారు పేరు మీద వస్తుంది. భర్త పాలసీలో ఉన్న భార్య కౌన్సెలింగ్‌కు వెళ్తే అది ఆయన కంటపడవచ్చు. తెలిస్తే తనకు ప్రమాదమని ఆమె రాసిస్తే, ఉత్తరాలు వేరే చిరునామాకు పంపమన్న కోరికను ప్లాను మన్నించి తీరాలి.

మరి సొంత డబ్బు కడితే? ఫీజంతా మీరే కట్టి, ఇన్సూరెన్సుకు చెప్పవద్దని రాతపూర్వకంగా అడిగితే హిపా పరిధిలోని క్లినిక్ ఒప్పుకోక తప్పదు. 2013 నుంచి ఉన్న నిబంధన ఇది. చాలామంది ఇక్కడిదాకా బాగానే వచ్చి, తర్వాత సూపర్‌బిల్ దగ్గర తప్పులో కాలేస్తారు.

సూపర్‌బిల్ అంటే ఒక పేజీ రసీదు. పైన థెరపిస్టు పేరు, లైసెన్సు నంబరు, ట్యాక్స్ ఐడీ. కింద తేదీ, దాని పక్కన 90834 అనే అంకె: సుమారు 45 నిమిషాల సెషన్ అని. 90837 ఉంటే గంట సెషన్. ఆ వరుసలోనే ఎఫ్43.23 లాంటి కోడ్: ఆందోళన, దిగులు కలగలిసిన సర్దుబాటు సమస్య అని అర్థం. డబ్బు కొంతైనా తిరిగొస్తుందని ఆ కాగితాన్ని ఇన్సూరెన్సుకు పంపితే, మీరు దాచాలనుకున్న ఆ కోడ్ కాస్తా వాళ్ల రికార్డులో చేరిపోతుంది.

పైగా డబ్బు వెంటనే రాదు. ఇన్సూరెన్సు చెల్లించడం మొదలుపెట్టేముందు మీరే భరించాల్సిన మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. డిడక్టిబుల్‌ను ఊరి చెరువనుకోండి. నీళ్లు తూము మట్టానికి వచ్చేదాకా పొలానికి చుక్క పారదు. ఔట్-ఆఫ్-నెట్‌వర్క్ (ప్లానుతో ఒప్పందం లేని థెరపిస్టుల) ఖర్చుకు చాలా ప్లాన్లలో చెరువే వేరు, దాని తూము ఇంకా ఎత్తు. సూపర్‌బిల్ పంపకపోతే మీరు పోసిన నీళ్లు ఏ చెరువులోనూ పడవు. ప్లానులో ఏటి ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఉండి, అది దాటితే అలుగు పారినట్టే, ఆపైన ప్లాను ఒప్పుకున్న ఖర్చంతా వాళ్లదే. కొత్త ప్లాను సంవత్సరం మొదలైతే, సాధారణంగా జనవరి 1న, చెరువు మళ్లీ ఎండిపోతుంది. అందుకే నవంబరులో మొదలుపెట్టేవాళ్లు ముందు లెక్క చూసుకోవాలి.

2022 జనవరి నుంచి, సొంత డబ్బు కట్టేవాళ్లకు ఖర్చు అంచనా ముందే రాసివ్వాలన్న చట్టం ఉంది. బిల్లు ఆ అంచనాకన్నా 400 డాలర్లు, అంతకుమించి ఎక్కువైతే 120 రోజుల్లో ఫిర్యాదు చేయవచ్చు. ఈ అంచనాను అడిగేవాళ్లే కనబడరు. వీడియోకాల్‌లో జాతకం చూపించుకుని, దోషనివారణ పూజకు రసీదైనా అడక్కుండా వందల డాలర్లు పంపేవాళ్లు, లైసెన్సున్న థెరపిస్టును ఫీజెంతని అడగడానికి మొహమాటపడతారు.  అడగడానికి సిగ్గెందుకు?

"స్లైడింగ్ స్కేల్ ఉందా?" అని మొదటి ఫోన్‌లోనే అడగండి, ఆదాయాన్నిబట్టి ఫీజు తగ్గించేవాళ్లు చాలామందే ఉన్నారు. విశ్వవిద్యాలయాల శిక్షణ క్లినిక్‌లలో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ ఫీజుకు చూస్తారు. చాలా కంపెనీల ఈఏపీలో (ఉద్యోగుల సహాయ కార్యక్రమంలో) కొన్ని సెషన్లు ఉచితం. హెచ్‌ఎస్‌ఏ (ఆరోగ్య ఖర్చుల పొదుపు ఖాతా) డబ్బు జబ్బుకు చేసే థెరపీకి చెల్లుతుంది, దాంపత్య కౌన్సెలింగ్‌కు మామూలుగా చెల్లదు. తెలుగు మాట్లాడే థెరపిస్టు వేరే రాష్ట్రంలో దొరికితే, మీరుండే రాష్ట్రంలో చూసే అనుమతి ఉందో లేదో తేల్చుకోండి. సైకాలజిస్టులకైతే రాష్ట్రాల మధ్య ఒప్పందమైన సైప్యాక్ట్‌లో చేరిన రాష్ట్రాల మధ్య ఆన్‌లైన్‌లో చూసే వీలుంది.