బదిలీ అయినా ఆగని పని

మీ క్లాసులో నలుగురు కలిసి సైన్స్ క్లబ్ వెబ్‌సైట్ తయారుచేస్తున్నారనుకోండి. ఫైళ్లన్నీ ఒకరి పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఏడాది మధ్యలో వాళ్ల నాన్నగారికి జోధ్‌పూర్ నుంచి షిల్లాంగ్‌కి బదిలీ అయింది. సామాన్లతో పాటు పెన్‌డ్రైవూ లారీ ఎక్కేసింది! మన స్కూళ్లలో ఇది వింతేమీ కాదు కదా.

ఇలాంటి చిక్కు రాకుండా ప్రోగ్రామర్లు 'గిట్' వాడతారు. దేశదేశాల వాళ్లు కలిసి రాసే లినక్స్ కోడ్ కోసం లీనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారుచేశారు.

ముందుగా సర్వర్‌లో అందరికీ కలిపి ఒక రిపాజిటరీ పెట్టుకోవాలి. దాన్ని ఎవరి కంప్యూటర్‌లోకి వాళ్లు 'క్లోన్' చేసుకుంటారు. అప్పుడు ఫైళ్లతో పాటు మొదటిరోజు నుంచి జరిగిన మార్పుల చరిత్ర కూడా వస్తుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు 'పుల్' చేస్తే మిగతావాళ్ల మార్పులు అందుతాయి. కొంత పని అయ్యాక, ఏం మార్చారో ఒక వాక్యం రాసి 'కమిట్' చేసి, సర్వర్‌కి 'పుష్' చేయాలి. షిల్లాంగ్ వెళ్లిన స్నేహితుడు అక్కడి నుంచే ఇదంతా చేయవచ్చు.

ఇద్దరు ఒకే లైనును రెండు రకాలుగా మారిస్తే? గిట్ తీర్పు చెప్పదు. రెండింటినీ చూపించి ఆగిపోతుంది. మీరే మాట్లాడుకుని తేల్చుకోవాలి. గిట్‌లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ కమిట్ వాక్యం దగ్గర మాత్రం తెలుగు టీచరుగా పట్టుబడతాను. 'మార్చాను' అంటే ఎవరికి తెలుస్తుంది? 'మొదటి పేజీలో ప్రదర్శన తేదీ సరిచేశాను' అని రాయండి. మీరు వెళ్లాక చేరే కొత్త విద్యార్థి దాన్ని చదివే పని అందుకోవాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం కమిట్ చేయకండి. తర్వాత తీసేసినా అవి పాత చరిత్రలో అలాగే ఉంటాయి.